హరిత ద్రావణులు, ప్రత్యామ్నాయ శక్తి: జంషెడ్‌పూర్ ఉక్కు కొలిమి దగ్గర తేలుతున్న లెక్క

2021 సెప్టెంబరులో జంషెడ్‌పూర్‌లోని టాటా స్టీల్ కర్మాగారంలో ఒక చిన్న యూనిట్ పని ప్రారంభించింది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వెలువడే వాయువులోని కార్బన్ డయాక్సైడ్‌ను రోజుకు 5 టన్నుల మేరకు వేరుచేయడం దాని పని. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు నుంచే నేరుగా కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే పద్ధతిని దేశంలో ఒక ఉక్కు సంస్థ చేపట్టడం అదే మొదటిసారి అని ఆ సంస్థ అప్పట్లో ప్రకటించింది. సాంకేతిక సహకారం అందించిన కార్బన్ క్లీన్ సంస్థను స్థాపించినవారు ఖరగ్‌పూర్ ఐఐటీ పూర్వ విద్యార్థులు.

వార్తగా అది ఆ రోజుతో ముగిసింది. కానీ ఆ యూనిట్ గొట్టాలలో తిరుగుతున్న ద్రవం రసాయన శాస్త్రంలో మూడు దశాబ్దాలుగా సాగుతున్న ఒక చర్చకు మంచి ఉదాహరణ. ఒక ద్రావణిని, అంటే మరొక పదార్థాన్ని తనలో కరిగించుకునే ద్రవాన్ని, ‘హరిత’ ద్రావణి అని ఎప్పుడు పిలవాలి? దాని పుట్టుకను చూసా, విషగుణాన్ని చూసా, లేక దాన్ని తిరిగి వాడుకోవడానికి ఖర్చయ్యే శక్తిని చూసా?

పట్టడం తేలిక, విడిపించడం కష్టం

బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో దాదాపు సగం నైట్రోజన్. మిగిలినదానిలో కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ ఇంచుమించు సమానంగా ఉంటాయి. కొద్దిగా హైడ్రోజన్ కూడా కలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ మండుతుంది కాబట్టి కర్మాగారాలు ఈ వాయువును ఇంధనంగా వాడుకుంటాయి. మండని కార్బన్ డయాక్సైడ్‌ను అందులోనుంచి తీసివేస్తే మిగిలిన వాయువు ఉష్ణ విలువ పెరుగుతుంది. జంషెడ్‌పూర్ యూనిట్ చేస్తున్నది ఇదే. పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆవరణలోనే వాడుకోవడం, పలుచబడిన వాయువును తిరిగి ఇంధన గొట్టాలలోకి పంపడం దాని ఉద్దేశం.

ఈ పని చేసే ద్రావణులు అమీన్ల జాతికి చెందినవి. అమీన్ అమోనియాకు దగ్గరి బంధువు. ఆమ్ల స్వభావమున్న కార్బన్ డయాక్సైడ్ తగలగానే క్షార స్వభావమున్న అమీన్ దాన్ని పట్టుకుంటుంది. ఈ పద్ధతికి అమెరికాలో 1930లోనే పేటెంటు వచ్చింది. ఎక్కువగా వాడుకలో ఉన్న పాత ద్రావణి మోనోఇథనాల్ అమీన్. నూటికి 30 పాళ్లు అది, తక్కినది నీరు. సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద వాయువును పీల్చుకుంటుంది. పీల్చినదాన్ని వదలాలంటే మాత్రం ద్రావణాన్ని 120 డిగ్రీల దాకా వేడిచేయాలి. అసలు ఖర్చు ఇక్కడ మొదలవుతుంది. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను విడిపించడానికి పాత ద్రావణికి మూడున్నర నుంచి నాలుగు గిగాజౌళ్ల వేడి కావాలి. ఇంట్లో కరెంటు మీటరు లెక్కలో చెబితే అది వెయ్యి యూనిట్లకు సమానం.

ఇంకొంచెం ముందుకు వెళితే లెక్క మరింత ఆసక్తికరంగా మారుతుంది. పాత ద్రావణితో రోజుకు 5 టన్నులు పట్టాలంటే సుమారు 18 గిగాజౌళ్లు కావాలి. సాధారణ భారతీయ బొగ్గు ఒక టన్ను మండితే వచ్చే వేడి ఇంచుమించు అంతే. ఆ బొగ్గు మండితే ఒకటిన్నర టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే ఒక చేత్తో ఐదు పట్టి, మరో చేత్తో ఒకటిన్నర వదిలినట్లు. ఈ వేడి తక్కువగా కోరే కొత్త ద్రావణులను తయారుచేయడంలోనే సంస్థల మధ్య పోటీ సాగుతోంది. ద్రావణిలో నీటి పాలు తగ్గించడం ఒక మార్గం. వేడిచేయవలసిన నీరు తగ్గితే వేడీ తగ్గుతుంది. రెండో మార్గం ఉక్కు కర్మాగారానికే ప్రత్యేకం. అక్కడ 1,500 డిగ్రీల దగ్గర కరిగిన చిట్టెం ప్రవహిస్తుంది, ఎర్రగా కాలిన కోక్ చల్లారుతుంది, పొగగొట్టాల నుంచి వేడి వృథాగా పోతుంది. అమీన్‌కు కావలసినది 120 డిగ్రీలే. కొత్తగా బొగ్గు కాల్చకుండా ఆ వృథా వేడితోనే ద్రావణిని శుద్ధిచేయగలిగిన చోట అదే ద్రావణి, అదే సూత్రం, వేరే ఫలితం ఇస్తాయి.

పరిమాణం సంగతి కూడా చెప్పుకోవాలి. జంషెడ్‌పూర్ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి సుమారు కోటీ పది లక్షల టన్నుల ఉక్కు. బ్లాస్ట్ ఫర్నేస్ మార్గంలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన రోజుకు 60 వేల టన్నులు దాటుతుంది. దాని ముందు 5 టన్నులు సముద్రం ముందు చెంబెడు నీళ్లు. ఆ యూనిట్‌ను ప్రయోగంగానే చూడాలి తప్ప పరిష్కారంగా చూడరాదు. పెద్ద యూనిట్ కట్టే ముందు తెలుసుకోవలసిన విషయాలు ఇలాంటి చిన్న యూనిట్లలోనే తెలుస్తాయి. ద్రావణి ఎన్నాళ్లకు పాడవుతుంది, ఇనుప గొట్టాలను ఎంత తింటుంది, ఫర్నేస్ ధూళిని తట్టుకుంటుందా అన్నవి ప్రయోగశాల గాజు పాత్రలో తేలే ప్రశ్నలు కావు.

ఉత్ప్రేరణంలో ద్రావణి పాత్ర

రసాయన చర్యను వేగవంతం చేసి, తాను ఖర్చుకాకుండా మిగిలేది ఉత్ప్రేరకం. హరిత రసాయన శాస్త్రానికి 1998లో పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ రాసిన 12 సూత్రాలలో ఉత్ప్రేరకానికి పెద్దపీట ఉంది. సురక్షిత ద్రావణులకు, శక్తి పొదుపునకు విడివిడి సూత్రాలున్నాయి. కాగితం మీద వేర్వేరుగా కనిపించే ఈ మూడూ కర్మాగారంలో ఒకే రియాక్టర్‌లో కలుసుకుంటాయి. ఉత్ప్రేరకం ఎంత చురుకైనదైనా అది సాధారణంగా ఏదో ఒక ద్రవంలోనే పనిచేయాలి. చర్య ముగిశాక ఆ ద్రవాన్ని ఆవిరిచేసి, చల్లబరిచి, మళ్లీ పట్టుకోవాలి.

ఔషధ పరిశ్రమలో ఈ భారం ఎక్కువ. ఒక మందు తయారీలో వాడే మొత్తం పదార్థాల బరువులో 80 నుంచి 90 శాతం ద్రావణులు, నీరే అని పరిశ్రమ అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం పుడుతోందో చూపే ‘ఇ-ఫ్యాక్టర్’ను రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించారు. భారీ రసాయనాలలో ఐదు లోపు ఉండే ఆ సంఖ్య మందుల తయారీలో 25 నుంచి 100 దాకా, కొన్నిచోట్ల ఆపైకి కూడా వెళ్తుంది.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు సంగతి కాదు. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ పారిశ్రామికవాడల్లో డ్రమ్ముల కొద్దీ నిలువ ఉండేవి ఈ ద్రావణులే. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ పరిశ్రమలో ద్రావణి లీకై, ఆవిరి అంటుకుని సంభవించిన పేలుడులో 17 మంది మరణించారు. ద్రావణి ఎంపిక పర్యావరణ నివేదికలకు పరిమితమైన విషయమని భావించేవారు ఆ సంఖ్యను గుర్తుంచుకోవాలి.

బొగ్గు తారులో పుట్టిన వంశం

చరిత్రలో ఒక విచిత్రం ఉంది. పరిశ్రమలు తొలినాళ్లలో వాడిన ద్రావణులలో ముఖ్యమైనవి ఉక్కు కర్మాగారాల పెరటిలోనే పుట్టాయి. బ్లాస్ట్ ఫర్నేస్‌కు కావలసిన కోక్ కోసం బొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు తారుతోపాటు తేలికనూనె వస్తుంది. అందులో బెంజీన్, టోలుయీన్, జైలీన్ ఉంటాయి. బెంజీన్‌ను 1825లో మైకేల్ ఫారడే కనుగొన్నారు; రెండు దశాబ్దాల తరువాత అది బొగ్గు తారులోనూ ఉందని తేలింది. కోక్ ఓవెన్ వాయువు నుంచి ఈ తేలికనూనెను రాబట్టడానికి కూడా మరో నూనెతో వాయువును కడుగుతారు; అంటే ద్రావణితో ద్రావణిని పట్టడం. క్యాన్సర్ కారకమని నిర్ధారణ కావడంతో బెంజీన్ క్రమంగా ప్రయోగశాలల నుంచి తప్పుకొంది. తరువాత వచ్చిన క్లోరిన్ ద్రావణుల పరిస్థితీ అంతే. డైక్లోరోమీథేన్ వాడకాలలో అత్యధిక భాగాన్ని నిషేధిస్తూ అమెరికా పర్యావరణ సంస్థ 2024లో నిబంధన తెచ్చింది.

వీటి స్థానంలోకి వచ్చిన కొత్త ద్రావణులలో మొదట చెప్పుకోవలసింది నీరు. విషం కాదు, మండదు, చవక. కొన్ని చర్యలు నీటిలోనే వేగంగా జరుగుతాయని 1980లో రోనాల్డ్ బ్రెస్లో చూపారు. అయితే నీటిని ఆవిరిచేయడానికి కిలోకు సుమారు 2,260 కిలోజౌళ్లు కావాలి. ఇథైల్ అసిటేట్‌కు అందులో ఆరో వంతు చాలు. సరుకును నీటి నుంచి వడగట్టి తీయగలిగితే నీరు హరితమే. బట్టీ పట్టి తీయవలసివస్తే ఆ పేరు సందేహమే.

కార్బన్ డయాక్సైడ్ కూడా ద్రావణి కాగలదు. 31 డిగ్రీలు, వాతావరణ పీడనానికి 73 రెట్ల ఒత్తిడి దాటితే అది వాయువూ కాదు, ద్రవమూ కాదు అన్న స్థితికి చేరి, కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను లాగేస్తుంది. ఒత్తిడి వదలగానే ఎగిరిపోతుంది, మిగులు ఉండదు. ఉక్కు కొలిమి దగ్గర పట్టిన వాయువే మరో పరిశ్రమలో ద్రావణిగా మారే అవకాశం ఇక్కడ కనిపిస్తుంది. ఖర్చంతా ఆ ఒత్తిడి తేవడంలో ఉంది.

అయానిక్ ద్రవాలు మరో తరహా. ఇవి మామూలు వేడిలోనే కరిగి ఉండే లవణాలు. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుంది. ఆవిరి కావు కాబట్టి నిప్పు భయం తక్కువ. హైదరాబాద్‌లోని ఐఐసీటీ పరిశోధకులు బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం, వారి సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధన ఈ సందర్భంలో గమనించదగినది. బంకమట్టి పొరలను పోలిన పదార్థం మీద పల్లాడియం నానో కణాలను నిలిపి, అయానిక్ ద్రవంలో, మైక్రోవేవ్ కిరణాల సాయంతో కర్బన బంధాలను కలిపే హెక్ చర్యను వారు ఎన్నో రెట్లు వేగంగా జరిపించారు. ఉత్ప్రేరకాన్ని వడగట్టి మళ్లీ వాడవచ్చు. కొత్త ద్రావణి, కొత్త శక్తి రూపం, తిరిగి వాడే ఉత్ప్రేరకం ఒకేచోట కలిసిన తొలి భారతీయ ఉదాహరణలలో అదొకటి.

వాడి పారేసిన లోహం వెళ్లే చోటు

పల్లాడియం, ప్లాటినం వంటి లోహాలు ఉత్ప్రేరకాలుగా ఎన్నాళ్లు పనిచేసినా ఒకనాటికి చచ్చుబడతాయి. వాటిని చెత్తలో పారేస్తే హరిత ఉత్ప్రేరణం అన్న మాటకు అర్థం ఉండదు. ఇక్కడ మళ్లీ జంషెడ్‌పూర్ ప్రస్తావన వస్తుంది. 1950 నవంబరు 26న ప్రధాని నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, ఎన్ఎంఎల్, ఆ నగరంలోనే ఉంది. ఖనిజాలతో మొదలైన ఆ సంస్థ ఇప్పుడు పాత సెల్‌ఫోన్లు, సర్క్యూట్ బోర్డులు, లిథియం బ్యాటరీలు, వాడేసిన ఉత్ప్రేరకాల నుంచి లోహాలను రాబట్టే పద్ధతులపై కూడా పనిచేస్తోంది. ఆ విద్య పేరు హైడ్రోమెటలర్జీ. లోహాన్ని ఆమ్ల ద్రావణంలోకి దించి, ఆ తరువాత కిరోసిన్ వంటి నూనెలో కలిపిన ప్రత్యేక రసాయనంతో ఒక్కొక్క లోహాన్నీ ఏరి తీస్తారు.

కిరోసిన్‌కు, గాఢ ఆమ్లాలకు ప్రత్యామ్నాయంగా ప్రపంచవ్యాప్తంగా పరిశీలిస్తున్నవి డీప్ యూటెక్టిక్ ద్రావణులు. కోళ్ల దాణాలో కలిపే కోలీన్ క్లోరైడ్ 302 డిగ్రీల దగ్గర, ఎరువుగా చల్లే యూరియా 133 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ఒకటికి రెండు పాళ్లలో రెండింటినీ కలిపితే ఆ మిశ్రమం 12 డిగ్రీలకే ద్రవమవుతుందని 2003లో ఆండ్రూ అబాట్ బృందం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చూపింది. రెండు చవక ఘనపదార్థాలు కలిసి ద్రావణి కావడం పరిశోధకులను ఆకర్షించింది. 2019లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం బృందం కోలీన్ క్లోరైడ్, ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమంతో పాత బ్యాటరీల నుంచి కోబాల్ట్‌ను కరిగించింది. కాకపోతే అందుకు 200 డిగ్రీలకు అటూ ఇటూ వేడి, గంటల తరబడి సమయం అవసరమయ్యాయి. అంత వేడిలో కోలీన్ క్లోరైడ్ తానే విచ్ఛిన్నమవుతుందని తరువాతి అధ్యయనాలు తేల్చాయి. గది ఉష్ణోగ్రతలో హరితమైనది కొలిమి పక్కన కాకపోవచ్చు.

మంట లేని శక్తి

జంషెడ్‌పూర్‌లో తొలి ఉక్కు దిమ్మ 1912 ఫిబ్రవరిలో తయారైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఇటలీ శాస్త్రవేత్త జాకొమో చామిచియన్ న్యూయార్క్‌లో ప్రసంగిస్తూ, బొగ్గు తరిగిపోతుంది కాబట్టి రసాయన పరిశ్రమ సూర్యకాంతిని ఆశ్రయించాలని వాదించారు. శతాబ్దం పాటు బొగ్గే గెలిచింది. వెలుతురుతో పనిచేసే ఉత్ప్రేరకాలు గత రెండు దశాబ్దాల్లోనే ప్రయోగశాల దాటి బయటకు వస్తున్నాయి.

1986లో రెండు బృందాలు విడివిడిగా వంటింటి మైక్రోవేవ్ పొయ్యిలోనే రసాయన చర్యలు జరిపి చూపాయి. పాత్రను కాకుండా నేరుగా లోపలి పదార్థాన్నే వేడిచేయడం దాని సుగుణం. ద్రవంలోకి కొద్ది సెంటీమీటర్లకు మించి చొచ్చుకుపోలేకపోవడం దాని అవధి. అందుకే పెద్ద రియాక్టర్లలో అది ఇంకా కుదురుకోలేదు. అల్ట్రాసౌండ్ తరంగాలు ద్రవంలో సూక్ష్మ బుడగలను సృష్టించి పగలగొడతాయి. పగిలే క్షణంలో ఆ బిందువు దగ్గర వేల డిగ్రీల వేడి పుడుతుంది.

ద్రావణిని పూర్తిగా వదిలేసే మార్గం కూడా ఉంది, అదీ లోహ పరిశ్రమకు కొత్త కాదు. ఉక్కు బంతులు నింపిన డ్రమ్ములో ఖనిజాన్ని వేసి తిప్పే బాల్ మిల్లు గనుల ప్రాంతాల్లో అందరూ ఎరిగిన యంత్రం. బంతుల తాకిడికి పొడి కావడమే కాక పదార్థం రసాయనికంగా చురుకవుతుంది. ఈ గుణాన్ని ఆధారం చేసుకునే ఎన్ఎంఎల్‌లో ఫ్లై యాష్, చిట్టెంలతో సిమెంటు లేని జియోపాలిమర్ నేలపలకలు తయారుచేసే పద్ధతి రూపొందింది. విదేశీ ప్రయోగశాలల్లో మందుల అణువులను, ఉత్ప్రేరకాలను కూడా ఇదే మిల్లులో ద్రావణి చుక్క లేకుండా తయారుచేస్తున్నారు. నూరడం అనే పని రోలు, కల్వం కాలం నుంచీ ఉన్నదే.

హైడ్రోజన్ పరీక్ష

2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లోని ‘ఇ’ బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ వాయువును పంపే పరీక్ష మొదలైంది. ఫర్నేస్‌లోకి ఇంధనం చిమ్మే వ్యవస్థలో 40 శాతాన్ని అందుకు వినియోగించారు. కోక్ వాడకం పది శాతం తగ్గుతుందని, దానివల్ల టన్ను ఉక్కుకు 7 నుంచి 10 శాతం కార్బన్ డయాక్సైడ్ తగ్గవచ్చని సంస్థ అంచనా వేసింది. ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను కార్బన్ లాక్కుంటే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, హైడ్రోజన్ లాక్కుంటే నీటి ఆవిరి వస్తుంది. కాని హైడ్రోజన్‌తో జరిగే చర్య వేడిని పుట్టించదు, పీల్చుకుంటుంది. అందువల్ల ఫర్నేస్‌లో కోక్‌ను పూర్తిగా తీసివేయడం సాధ్యం కాదు. పైగా లోపలి బరువును మోసేది, వాయువులకు దారి ఇచ్చేది కూడా కోక్ గడ్డలే.

కోక్ లేకుండా పూర్తిగా హైడ్రోజన్‌తోనే ఇనుము తీసే వేరే పద్ధతిలో టన్నుకు సుమారు 54 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని విద్యుత్తుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. టన్ను ఇనుముకు రమారమి 2,700 యూనిట్లు. ఆ విద్యుత్తు బొగ్గు నుంచే వస్తే చేసినదంతా వృథా. కేంద్ర మంత్రివర్గం 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ ఈ యూనిట్లను సౌర, పవన విద్యుత్తు నుంచి తేవాలని ఉద్దేశించింది. ఇక్కడా ఉత్ప్రేరకం లేనిదే పని జరగదు. ఒక రకం ఎలక్ట్రోలైజర్లకు అత్యంత అరుదైన ఇరిడియం కావాలి. క్షార ద్రావణంలో నడిచే మరో రకానికి నికెల్, ఇనుము కలిసిన ఉత్ప్రేరకం సరిపోతుంది. 20వ శతాబ్దం ఆరంభంలో జర్మనీలో ఎరువుల కోసం అమోనియా తయారీకి దారి తెరిచినదీ ఇనుప ఉత్ప్రేరకమే.

ఈ లెక్కలన్నీ ఇప్పుడు ఎగుమతి కాగితాల మీదికి చేరుతున్నాయి. ఐరోపా సమాఖ్య దిగుమతి చేసుకునే ఉక్కు, సిమెంటు, ఎరువులు వంటి సరుకులపై కార్బన్ సుంకం విధానం 2023 అక్టోబరు 1న నివేదికల దశగా ఆరంభమై, 2026 జనవరి 1 నుంచి చెల్లింపుల దశలోకి ప్రవేశించింది. ఉక్కు మీదనే ఊరంతా ఆధారపడిన జంషెడ్‌పూర్‌కు, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్లి తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాలకు ఇది జీతాలతో ముడిపడిన విషయం. ఆ విధానం టన్ను ఉక్కు వెనుక వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కగడుతుంది. ఫర్నేస్‌లో కాల్చిన కోక్‌తోపాటు, ద్రావణిని శుద్ధిచేసే ఆవిరి కోసం విడిగా బొగ్గు కాల్చివుంటే, అదీ ఆ లెక్కలో చేరుతుంది.